ఎర్రచుక్క మీట

ముఖం ముందు పోతుందా, గొంతు ముందు పోతుందా? ముఖానికైతే ఫొటో ఉంటుంది. మనం చూసినా చూడకపోయినా గోడకి వేలాడుతూ తన పని తాను చేసుకుపోతుంది. గొంతుకి ఏ మేకూ లేదు. అమ్మ పోయినా ఆమె అన్న మాటలు డిటెక్టివ్‌కి ఇంకా కంఠతా వచ్చు. కానీ కొంతకాలంగా అవి తన గొంతులోనే వినిపిస్తున్నాయి, ఎవరో రాసిచ్చింది తను పైకి చదువుతున్నట్టు. ఎప్పుడు జారిపోయిందో తెలీదు. జేబుకి చిల్లు పడ్డ సంగతి, ఉన్నవన్నీ పోయాకే కదా తెలిసేది...

"మేడమ్, అడుగుతానని ఏమీ అడగట్లేదేంటి?" అన్నాడు ఎదుట కూర్చున్న లారీ డ్రైవరు.

ఆమె తేరుకుంది. పోలీసు స్టేషన్ వెనకగది, మధ్యలో బల్ల. బల్లకి అవతల ఈ మనిషి. మొన్న మధ్యాహ్నం ఇతని మామగారు, ఊరంతా రేడియో మాస్టారనే ఆయన, తన పనిగదిలో తల పగిలి పడి ఉన్నాడు. కొట్టింది అల్లుడేనని పోలీసుల మాట. కాదని రుజువు చెయ్యమని ఈమె దగ్గరికి వచ్చింది ఆ మాస్టారి కూతురు, ఈ డ్రైవరు భార్య.

"మొన్న ఆ ఇంటి ముందు లారీ ఆపావు. దుప్పటి కప్పిన సామాను లోపలికి మోశావు. ఎదురింటి టైలరు చూశాడు."

"ఆయన కళ్ళు సూదిలో దారం ఎక్కించడానికి తప్ప అన్నిటికీ పనికొస్తాయి."

"దుప్పటి కింద ఏముంది?"

అతను బల్ల మీది గీతని గోటితో గీకాడు.

"కాసేపటికి బయటికొచ్చి సందు చివర నిలబడ్డావు. మళ్ళీ లోపలికెళ్ళి, వెంటనే పరిగెత్తుకుంటూ వచ్చావు. సందు చివర ఏం పని?"

"గాలి కోసం."

"లారీ నడిపేవాడికి గాలి కరువా?"

అతను నవ్వబోయి మానుకున్నాడు. "మామయ్యని నేను కొట్టలేదు మేడమ్. అంతకు మించి చెప్పలేను."

"చెప్పలేవా, చెప్పవా?"

"చెప్పనని మాటిచ్చాను."

"ఎవరికి?"

"ఆయనకే."

అబద్ధం చెప్పేవాడు తన కథని కాపాడుకుంటాడు. చిన్న కన్నం కనిపించినా కొత్త వివరం తెచ్చి పూడుస్తాడు. ఈ మనిషి కన్నాలన్నీ అలాగే వదిలేసి, వాటి వెనక ఇంకెవరినో దాస్తున్నాడు. డిటెక్టివ్ అతని చేతులు చూసింది. స్టీరింగు పట్టీ పట్టీ కాయలు కాసిన చేతులు. కుడి చూపుడువేలి గోరు అంచున మాత్రం ఎర్రటి మరక ఉంది. రెండు రోజుల తర్వాత రక్తం అంత ఎర్రగా ఉండదు.

"నీకు గోళ్ళరంగు అలవాటుందా?"

అతను చెయ్యి బల్ల కిందికి లాక్కున్నాడు.

తలుపు దగ్గర ఎవరో దగ్గారు. ఇన్‌స్పెక్టరు. ఈ కేసు అతనిదే. అతను ఆమెకి స్వయానా తమ్ముడు కూడా. అయితే ఈ రెండోది స్టేషన్లో ఎవరూ పైకి అనరు.

"అయిందా డిటెక్టివ్ గారూ? సాయంత్రం ఇతన్ని కోర్టులో హాజరుపరుస్తున్నాను. జైలుకి పంపిస్తే మీ ముచ్చట్లు అక్కడ చెప్పుకోవచ్చు."

ఇద్దరూ వరండాలోకి వచ్చారు. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని అతను గొంతు తగ్గించాడు. "అక్కా, ఇందులో నీకేం దొరకదు. ఆసుపత్రిలో మాస్టారు కళ్ళు తెరిచిన దగ్గర్నుంచీ ఒకటే మాట. ఎవరు కొట్టారు మాస్టారూ అంటే, లోడు. మంచినీళ్ళు కావాలా అంటే, లోడు. ఆ ఇంట్లో లోడు ఎత్తేవాడు, దించేవాడు ఒక్కడే. అల్లుడు."

"డాక్టరేమన్నాడు?"

"మెదడుకి రక్తం అందక మాట పడిపోయిందట. ముందు అది వచ్చి పడ్డాడా, ఎవరైనా తోస్తే పడ్డాక అది వచ్చిందా అన్నది చెప్పలేనన్నాడు. నేను చెప్పగలను. మామా అల్లుళ్ళకి రోజూ తగువే. పాత సామాను పారేస్తానని ఇతను, ముట్టుకుంటే ఊరుకోనని ఆయన. చెప్పింది ఎవరో తెలుసా? నిన్ను పెట్టుకున్న ఆ కూతురే."

"గదిలో దొరికిన క్యాసెట్టు కావాలి."

"అందులో గోల తప్ప ఏమీ లేదు. మావాడు ముందుకీ వెనక్కీ తిప్పి విన్నాడు. ఎక్కడ పెట్టినా కీచుమని గోలే."

"గోలే అయితే ఇవ్వడానికి ఏడుపెందుకు?"

"ఇవ్వను. నేనే పట్టుకుని వస్తా." టోపీ సర్దుకుంటూ విసుక్కున్నాడు. "మొండి... ఘటానివి నువ్వు."

మొండి దగ్గర ఆగి, ఘటాన్ని సాగదీసి అన్నాడు. డిటెక్టివ్ మెట్టు మీద ఆగిపోయింది. ఆ సాగదీత అతనిది కాదు. ఎక్కడో లోపల ఒక తలుపు కదిలి మళ్ళీ మూసుకుంది. ఇంకోసారి అను అని అడగాలనిపించింది. ఈ వయసులో తమ్ముణ్ణి ఆ మాట ఎలా అడుగుతారు? మెట్లు దిగింది.

*

పనిగది తాళం తీసింది మాస్టారి కూతురు. మందుల షాపులో పని చేస్తుంది. ఇంట్లో అందరూ పిచ్చుక అంటారు. అసలు పేరు చెప్పినా ఇన్‌స్పెక్టరు కూడా మర్చిపోయి "పిచ్చుకా, ఆ కిటికీ తెరువమ్మా" అన్నాడు.

పొట్ట విప్పిన రేడియోలు గోడ పొడవునా ఉన్నాయి. గదిలో కాల్చిన సీసం వాసన. కింద పడ్డ కుర్చీని ఎవరో నిలబెట్టారు. బల్ల మీద వీపు ఉబ్బిన పాత టీవీ, పక్కన టేపు రికార్డరు. రెండిటి ముందు చిన్నపిల్లల పలకంత నల్లటి పెట్టె, దాని మీద బూడిదరంగు రబ్బరు మీటలు.

"ఇది అమ్మ కంప్యూటరు," అంది పిచ్చుక. "నా చిన్నప్పుడు ఎవరో నాన్నకి బహుమతిగా ఇచ్చారు. నాన్న దాని జోలికే పోలేదు. అమ్మే పుస్తకం ముందేసుకుని నేర్చుకుంది. అమ్మ పోయాక అటకెక్కించేశాం. కిందికి ఎప్పుడు దిగిందో నాకు తెలీదు."

"టీవీ?"

"మాది కాదు. ఇంత పాతది మా ఇంట్లో ఎప్పుడో పోయింది."

"దుప్పటి కింద వచ్చింది ఇదే," అంది డిటెక్టివ్. "తమరి నేరస్థుడు సామాను ఎత్తుకుపోవడానికి కాదు, దించడానికి వచ్చాడు ఇన్‌స్పెక్టర్ గారూ."

"దించుతుంటే మాటామాటా పెరిగింది. తోశాడు. దానికేం?" అతను పోలీసు ఫొటో తీసి బల్ల మీద పెట్టాడు. "ఇదిగో. పెనుగులాటలో వైరు ఎలా ఊడిందో చూడు."

ఫొటోలో టీవీ వెలుగుతోంది. టేపు రికార్డరులో క్యాసెట్టు పూర్తిగా కుడివైపు చక్రానికి చుట్టుకుని ఉంది. దాని మైకు కన్నంలో ఉండాల్సిన వైరు బల్ల అంచు నుంచి వేలాడుతోంది.

"టీవీ ఎవరు ఆపారు?"

"మావాడే. మెయిన్ స్విచ్చి కట్టేశాడు. కరెంటు దండగని."

పిచ్చుక పెదవి కొరుక్కుంది. "కట్టేస్తే అందులో ఉన్నదంతా పోతుంది సార్. టేపులోకి ఎక్కిస్తేనే మిగులుతుంది."

ఇన్‌స్పెక్టరు ఫొటో తిరగేసి వెనక ఏమీ లేకపోయినా చూశాడు.

"బాగు చేద్దాం," అంది డిటెక్టివ్. "ఆయన ఏం చేస్తూ పడ్డాడో తెలియాలంటే అది మనం చెయ్యాలి."

క్యాసెట్టు మొదటికి తిప్పి, కంప్యూటరు వైర్లేవీ పెట్టకుండా నొక్కారు. మసక మసకగా, నీళ్ళలోంచి వస్తున్నట్టు ఒక ఆడగొంతు వినిపించింది. ఏదో రెండు ముక్కలు. టక్కున చిన్న చప్పుడు. ఆ తర్వాత చెవులు చిల్లులు పడేలా కీచుమనే గోల.

"విన్నావా? గోల," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

పిచ్చుక అతని మాట వినలేదు. టేపు ఆపి, వెనక్కి తిప్పి, దూదికి స్పిరిట్ అద్ది రికార్డరు లోపల తుడిచింది. సన్న స్క్రూడ్రైవరు అందుకుంది. "నాన్న ఇలాగే చేసేవారు. గొంతు మసకగా ఉంటే ఈ స్క్రూ తిప్పాలి. కొంచెమే. ఎక్కువ తిప్పితే మొత్తం పోతుంది." టేపు తిరుగుతుంటే చెవి దగ్గర పెట్టి, ఊపిరి బిగబట్టి తిప్పింది. గోల పదునెక్కింది. మళ్ళీ వెనక్కి తిప్పి నొక్కింది.

"పిచ్చుక. రెండోసారి."

ఈసారి గొంతు గదిలోనే ఉంది. కొంచెం జలుబు చేసిన గొంతు. పిచ్చుక చేతిలోని స్క్రూడ్రైవరు బల్ల మీదికి దొర్లింది.

"ఎన్నేళ్ళయిందమ్మా విని?" అంది డిటెక్టివ్.

"రెండో తరగతిలో ఉన్నాను," అంది పిచ్చుక. "నేను అనుకున్న గొంతు ఇది కాదు. ఇంత చిన్నపిల్ల గొంతు కాదు."

ఆమె ముక్కు తుడుచుకుని వైర్లు పెట్టడం మొదలుపెట్టింది. ఒకటి టీవీకి, ఒకటి కరెంటుకి, ఒకటి టేపు రికార్డరు నుంచి పెట్టెలోకి. స్విచ్చి వేస్తే టీవీ నిండా చీమలు. డిటెక్టివ్ తిప్పిన చక్రానికి చీమలు ఇంకా ఎక్కువయ్యాయి. ఇన్‌స్పెక్టరు కాసేపు చేతులు కట్టుకుని చూశాడు. ఇక ఉండబట్టలేక, "తప్పుకో, నీకు చిన్నప్పుడూ చేతకాలేదు," అని టీవీ వెనక్కి చెయ్యి పెట్టాడు. చీమలు సన్నబడి, వంగి, ఒక్కసారిగా తెల్లటి తెర నిలబడింది. అడుగున ఒక్క ఇంగ్లిషు వరుస.

"వచ్చింది," అన్నాడు, కేసు సంగతి మర్చిపోయి.

పిచ్చుక కుర్చీలో కూర్చుంది. "ఇక్కణ్ణుంచి నాకు రాదు. అమ్మ ఒళ్ళో కూర్చునేదాన్ని. ఆమె చెప్తే ఎర్రచుక్క నొక్కేదాన్ని, అంతే."

రబ్బరు మీటల మధ్య ఒకదాని మీద గోళ్ళరంగుతో పెట్టిన ఎర్రచుక్క ఉంది. పిచ్చుక వేలు దానంతటదే అక్కడికి వెళ్ళింది. ఒక్క మీట నొక్కితే తెర అడుగున నాలుగు అక్షరాలు ఒకేసారి పడ్డాయి. డిటెక్టివ్ కళ్ళజోడు పైకి జరుపుకుని కూడబలుక్కుంది.

"లోడ్."

ఇన్‌స్పెక్టరు తెర మీదికి వంగాడు.

"టేపులో ఉన్నది పెట్టెలోకి తెచ్చే మీట," అంది డిటెక్టివ్ నెమ్మదిగా. "ఒరేయ్, ఆయన నీకు లారీ మాట చెప్పలేదురా. మీట మాట చెప్పాడు. ఇల్లు కూలేటప్పుడు చేతిలో ఏది ఉంటే దానితోనే బయటపడతాం. మాటలన్నీ కూలిపోతున్నప్పుడు ఆయన చేతిలో ఉన్నది ఇది."

ఇన్‌స్పెక్టరు గడ్డం గోక్కున్నాడు. "సరే. మాట పోయింది. మనిషి పోలేదు. తగువుంది, పరుగుంది, అడిగినదానికి జవాబు చెప్పకపోవడం ఉంది. కోర్టు ఈ చుక్క చూసి వదలదు."

"చుక్కే చూడమంటున్నా." ఆమె గోటితో దాని అంచు గీకింది. మెత్తగా లేచింది. "పిచ్చుకా, మీ అమ్మ పెట్టిన చుక్క ఇలాగే ఉండేదా?"

పిచ్చుక వంగి చూసింది. చాలాసేపు చూసింది. "లేదు. సగం ఊడిపోయి ఉండేది, చంద్రవంకలా. నేనే కొరికానట. ఇది... నిండుగా ఉంది."

"కొత్తది. మీ ఆయన గోటి అంచున ఇదే రంగు ఉంది."

"అయితే అసలు పెట్టె మాయం చేశాడన్నమాట," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "నాకు రెండో కేసు దొరికింది."

"మాయం చేసినవాడు ఊరూరా తిరిగి అలాంటిదే ఇంకోటి తెచ్చి, చుక్క కూడా పెడతాడా?"

పిచ్చుక ముఖం మెల్లగా పాలిపోయింది. "పోయినేడు సున్నాలు వేయించినప్పుడు అటక ఖాళీ చెయ్యమని నేనే పోరాను. ఏమున్నాయో చూడకుండా, పాత ఇనుమంతా లారీలో వేసుకెళ్ళిపొమ్మన్నాను. ఆయన వేసుకెళ్ళారు." ఆమె రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. "అప్పట్నుంచే వాళ్ళిద్దరూ పాత సామాను కోసం పోట్లాడుకోవడం. నేను గదిలోకి రాగానే మొదలయ్యేది. నేను లేనప్పుడు అంత నిశ్శబ్దంగా ఎందుకుండేవారో ఎప్పుడూ అనుకోలేదు."

డిటెక్టివ్‌కి వెనకగదిలోని మనిషి గుర్తొచ్చాడు. నిజం చెప్తే బయటపడతాడు. కానీ నిజం చెప్తే, అమ్మ వేళ్ళు తగిలిన ఆఖరి వస్తువుని తానే పారేయించానని ఈ పిల్లకి తెలుస్తుంది. ఆ బరువు ఆమె మీద పడకుండా ఇద్దరు మగాళ్ళు ఏడాదిగా, సామానంతా ఇంకా ఇంట్లోనే ఉన్నట్టు, దొంగ తగువులాడారు. అందులో ఒకడు ఇప్పుడు జైలుకి పోవడానికి కూడా సిద్ధంగా ఉన్నాడు. పిచ్చివాళ్ళు, అనుకుంది.

ఇన్‌స్పెక్టరు ఫోను మోగింది. "ఆఁ. వ్యాను వచ్చిందా? ఎక్కించకండి. ఆగమన్నానని చెప్పు." పెట్టేసి ఎవరి వైపూ చూడలేదు. "అది కానివ్వండి ముందు."

అమ్మ వేళ్ళు ఎటు వెళ్ళేవో గుర్తు తెచ్చుకుంటూ పిచ్చుక ఇంకో మూడు మీటలు నొక్కి టేపు వదిలింది. తెర అంచుల్లో నీలం, పసుపు చారలు పరుగెత్తాయి, ఆగిపోయాయి. తప్పు అని ఇంగ్లిషులో రాసింది పెట్టె. వాల్యూము తగ్గించారు. మళ్ళీ తప్పు. ఇన్‌స్పెక్టరు వంగి వాల్యూము పూర్తిగా పైకి తిప్పి, వెంట్రుకవాసి వెనక్కి తెచ్చాడు. చారలు ఈసారి ఆగలేదు. గోల అయిపోగానే తెర నల్లబడి, ఒక్కో గడీ వెలుగుతూ అక్షరాలు లేచాయి. తెలుగు అక్షరాలు. అల్లికలకి గళ్ళకాగితం మీద పువ్వులు గీసినట్టు, ఆ పెట్టెకి తెలియని లిపిని ఒకావిడ చుక్క చుక్కగా నేర్పింది.

పిచ్చుక.

అంతా బాగానే ఉంది గాని, చు కింద ఉండాల్సిన వత్తు ఒక గడి పక్కకి జారి, క కింద పడింది.

"అమ్మకి అది ఎప్పటికీ కుదరలేదు," అంది పిచ్చుక నవ్వుతూ, ఏడుస్తూ. "వత్తు ఏదో చూడకుండా పిచుక్క అని చదివేదాన్ని. అందరూ నవ్వేవారు."

డిటెక్టివ్ తెరని చూస్తోంది గాని ఆమె చెవులు ఇంకా మొదటి చప్పుడు దగ్గరే ఉన్నాయి. గొంతు, టక్కు, గోల. "పిచ్చుకా, మీ అమ్మ 'రెండోసారి' అన్నాక ఆ టక్కుమన్నదేంటి?"

"వైరు పెట్టిన చప్పుడు. మైకు కన్నంలో కంప్యూటరు వైరుంటే గదిలో మాట టేపుకి ఎక్కదు. అందుకని అమ్మ వైరు పీకేసి, ఏం ఎక్కిస్తోందో పేరు చెప్పి, మళ్ళీ గుచ్చేది. నాన్న పక్కన కూర్చుని చూసేవారు."

డిటెక్టివ్ ఫొటో తీసి తమ్ముడి ముందు పెట్టి, వేలాడుతున్న వైరు మీద వేలు ఆనించింది.

అతను ఫొటో చూశాడు. టేపు చూశాడు. పూర్తిగా కుడివైపు తిరిగిపోయిన చక్రాన్ని చూశాడు. "పీకింది పేరు చెప్పడానికి," అన్నాడు. "తిరిగి గుచ్చలేదు. అంటే ఈ గది మొత్తం..."

"మీవాడు గోల వినపడ్డ చోటల్లా వదిలేశాడు. గోల అయిపోయాక ఏముందో వినలేదు."

అన్ని వైర్లూ తీసేసి టేపు ముందుకి తిప్పారు. గోల, ఆగి గోల, ఆ తర్వాత నిశ్శబ్దం. అందులోంచి మాస్టారి గొంతు, గర్వం దాచుకోలేని గొంతు.

"పిచ్చుక. వత్తు సరిచేసినది. మొదటి..."

ఆగింది. "మొద... మొ..." నాలుక బరువెక్కినట్టు. ఏదో వెతుక్కుంటున్నట్టు ఊపిరి. "లో... లోడు. లోడు." ఆశ్చర్యం ఉంది ఆ గొంతులో, తన నోట్లోంచి వస్తున్నదేమిటో తనకే తెలియనట్టు. కుర్చీ జారింది. ఏదో బరువుగా పడింది.

ఇంకో మనిషి లేడు. ఇంకో అడుగు లేదు. చాలాసేపు టీవీ హోరు తప్ప ఏమీ లేదు. పిచ్చుక రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుంది. టేపు తిరుగుతూనే ఉంది. తర్వాత తలుపు, చెప్పుల చప్పుడు, ఆయాసపడుతున్న నవ్వు.

"మామయ్యా, కట్టెయ్యండి, కట్టెయ్యండి. పిచ్చుక బస్సు దిగింది. సందు చివర... మామయ్యా?"

చెప్పులు పరుగెత్తాయి.

"లేవండి. మామయ్యా, లేవండి. ఇంకోటి తెస్తా. ఎన్ని కావాలంటే అన్ని పెట్టెలు తెస్తా. పిచ్చుకకి నేను ఏం చెప్పను? లేవండి."

ఇన్‌స్పెక్టరు టేపు ఆపాడు. కిటికీ దగ్గరికి వెళ్ళి ఫోను తీశాడు. "అతన్ని వ్యానెక్కించొద్దు. బయట కూర్చోబెట్టి టీ ఇవ్వండి. నేనొచ్చి మాట్లాడతా... కాదు, నేనే చెప్పాలి. మీరెవరూ చెప్పకండి."

"నాన్న దగ్గరికి ఇవన్నీ తీసుకెళ్ళొచ్చా సార్?" అంది పిచ్చుక. "ఆయన లోడు అన్నప్పుడు ఎవరూ నొక్కలేదు."

"పెట్టె నువ్వు పట్టుకో. టీవీ మీ ఆయన మోస్తాడు, అలవాటేగా. టేపు మటుకు నా జేబులో వస్తుంది. సాక్ష్యం." అతను గొంతు సవరించుకున్నాడు. "ఆ వత్తు మీ నాన్న మళ్ళీ సరిచెయ్యాలమ్మా. మావాడు స్విచ్చి కట్టేశాడు."

"ఉండనివ్వండి," అంది పిచ్చుక. "అది అక్కడే ఉండాలి."

ఆమె వైర్లు చుడుతుంటే అక్కా తమ్ముళ్ళు బయట మెట్టు మీదికి వచ్చారు. ఎదురింటి టైలరు మిషను ఆపి చూస్తున్నాడు. జీపు వైపు నడవబోతున్న తమ్ముడి చొక్కా చేతిని డిటెక్టివ్ పట్టుకుంది. చిన్నప్పుడు రోడ్డు దాటించేటప్పుడు పట్టుకున్నట్టు.

"ఇందాక స్టేషన్లో నన్ను ఒక మాటన్నావు."

"చాలా అన్నాను. ఏది?"

"మొండిఘటం. ఇంకోసారి అను."

"ఇప్పుడు నేనే తప్పు ఒప్పుకుంటుంటే ఎందుకంటాను?"

"అమ్మ అన్నట్టే అను. నువ్వు ఇందాక అలాగే అన్నావు, నీకు తెలీదు. నాకు గుర్తు రావట్లేదురా. మాట గుర్తుంది. గొంతు లేదు."

అతను అక్క ముఖం చూశాడు. తర్వాత టైలరుని చూశాడు. "అమ్మ 'ఘటానివే' అనేది. అక్కని పట్టుకుని 'ఏవే' అని ఎలా అంటాను నేను, యూనిఫారంలో?"

"టోపీ తియ్యి," అంది డిటెక్టివ్.

అతను తీశాడు. ఆమె మెట్టు మీద కూర్చుని, కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుంది.